లచ్చయ్య ముందుమాట రాసిన పుస్తకం

ఇల్లందు బస్టాండు పక్కన పేపర్ల ఏజెన్సీ నాది. పేరు రోజారాణి. మా ఆయన బొగ్గుబాయి పనికి పోతాడు, నేను ఊరికి పేపర్లు వేయిస్తాను. ఏ పేపరు ఏ పార్టీదో, ఎవరి పేరెత్తితే ఒంటికాలి మీద లేస్తుందో కట్ట విప్పకముందే చెప్పగలను. ఒకే రోజు జరిగిన ఒకే సభ ఒక పేపర్లో ఇసుకేస్తే రాలనంత జనం, ఇంకో పేపర్లో ఖాళీ కుర్చీలు. రెండూ ఒకే సైకిలు మీద ఒకే వీధికి పోతాయి. వాటిని చూసి చూసి కోపం రావడం మానేసిందనుకున్నాను. ప్రమీల విషయంలో మళ్లీ వచ్చింది, ఇంకా తగ్గలేదు.

ప్రమీల బస్సు కండక్టరు. ఇల్లందు అవతల తండాలో పుట్టి అక్కడే సంసారం చేసుకుంటున్న లంబాడా మనిషి. తండ్రి దస్రు పోయాడు, తల్లి గోరి ఆమె దగ్గరే ఉంటుంది. మొగుడు వీరన్న పత్తి వేస్తాడు. వాన బాగుంటే పత్తి, లేకపోతే అప్పు. పిల్లలిద్దరూ ఖమ్మంలో చదువుకుంటున్నారు. ఆ ఇంటికి నెలనెలా నమ్మకంగా వచ్చేది ఆమె జీతం ఒక్కటే. ఆ సంగతి ఆమె ఒక్క పూట కూడా మర్చిపోయేది కాదు.

ఆమెది మొదటినుంచీ భయస్తురాలి ప్రాణం. చెకింగ్ వాళ్ల జీపు ఎదురొస్తే, టికెట్లన్నీ సరిగ్గా ఉన్నా, నాలుక పిడచకట్టుకుపోతుంది. డ్యూటీ దిగి నా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని నీళ్లు తాగి, "ఇయ్యాల గూడ బయటపడ్డ అక్కా" అనేది, ఏదో నేరం చేసి తప్పించుకున్నట్టు. "ఏం జేసినవని బయటపడ్డవే" అని నేను కసురుకునేదాన్ని. నవ్వేది, అంతే.

అంత పిరికిమనిషి పుస్తకం రాసింది. భద్రాచలం ట్రిప్పులో రెస్టు దొరికినప్పుడల్లా, బస్సులో చూసిందీ విన్నదీ రాసుకునేది. రాములవారి కల్యాణానికి పోయే ముసలమ్మల పోట్లాటలు, ఇప్పపువ్వు గంపతో ఎక్కి అలిసిపోయి నిద్రపోయిన కోయపిల్ల, రాత్రి షిఫ్టు దిగి బొగ్గుమసి మొహాలతోనే ఇంటికి పోయే కార్మికులు. తిరుగు ప్రయాణంలో డ్రైవర్ లచ్చయ్యకు చదివి వినిపించేది. ఆయన స్టీరింగు మీద చేయి వేసి, "గీడ ఇంకింత జెప్పాలె బిడ్డా" అని దిద్దేవాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఆమెను కూతురిలా చూసేవాడు.

ఖమ్మంలో నలుగురు టీచర్లు చందాలు వేసుకుని దాన్ని అచ్చు వేయించారు. పేరు "లోపలికి జరగండి". ముందుమాట లచ్చయ్యది. ఒకటిన్నర పేజీ, ఒక్క పెద్దమాట లేదు. ఆవిష్కరణ కూడా ఆయనే చేశాడు, డిపో ఎదుట టీకొట్టులో. వెనక అట్ట మీద ప్రమీల ఫొటో వేశారు. అదీ యూనిఫాంలో. తనకున్న ఫొటోల్లో మంచిది అదేనంది.

పేపర్లన్నిటికీ సమీక్షకు రెండేసి కాపీలు పంపమని నేనే చెప్పాను. "పైనోళ్లు ఏమన్న అంటరా అక్కా?" అని అడిగింది. "నువ్వెవల్ని తిట్టినవే? పంపు" అన్నాను. పంపింది. ఇక ప్రతి వారం పుస్తకాల పేజీ ముందు నేను చూసేదాన్ని. నెలలు గడిచాయి. సమీక్ష మాట దేవుడెరుగు, కింద చిన్న అక్షరాల్లో వేసే 'అందిన పుస్తకాలు' వరసలో కూడా దాని పేరు రాలేదు. ఎమ్మెల్యే తమ్ముడి కవిత్వానికి మాత్రం పావు పేజీ.

నాకు ఒళ్లు మండింది. ఖమ్మం పోయినప్పుడు వెంకటరామారావుగారిని కలిశాను. ఒక పేపర్లో చాలాకాలం పుస్తకాల పేజీ చూసి రిటైరైన మనిషి, మధిర వైపాయన. పుస్తకం చేతికిస్తే లోపలి పేజీలు తిప్పలేదు.

"ముందుమాట ఎవరిదమ్మా?" అన్నాడు.

"లచ్చయ్య అని, డ్రైవర్ సార్."

"ఏ సంఘం?"

"ఏ సంఘం లేదు."

"మరి ఆవిష్కరణ?"

"గది గూడ ఆయననే."

ఆయన నవ్వి పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. "బల్ల నిండా పుస్తకాలుంటాయమ్మా, ఎవడు చదువుతాడు? ముందుమాట ఎవరిదో చూస్తాం, ఆవిష్కరణ ఫొటోలో ఎవరు నిలబడ్డారో చూస్తాం. మనవాళ్లయితే పేజీలోకి, అవతలివాళ్లయితే అటక మీదికి. ఎవరో తెలియకపోతే ఇంకా కష్టం. రేపు ఆ మనిషి ఎవరి పక్కన తేలతాడో తెలీదు గదా, ఎందుకొచ్చిన గొడవని పక్కన పెట్టేస్తాం. మీ లచ్చయ్య ఎవరో ఎవరికి తెలుసు?"

ఆయన అది సిగ్గుపడాల్సిన సంగతిలా చెప్పలేదు, కూర వండే పద్ధతి చెప్పినట్టు చెప్పాడు. బస్సులో వస్తూ దారంతా పళ్లు నూరుకున్నాను. ప్రమీలకు చెబితే ఆమె మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "పోనియ్ అక్కా. ఎవలకీ కనబడకపోతేనే మంచిది" అంది.

ఈలోగా మండలం ఎన్నికలు వచ్చాయి. ఊళ్లో ఏ టీకొట్టు దగ్గర చూసినా ఆడవాళ్ల ఉచిత బస్సు మీదే వాదన. ఒకరు అదే మా గొప్పంటారు, ఇంకొకరు అదే మీ పాపమంటారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆదివారం పేపర్‌తో వచ్చే రంగుల పుస్తకం ఆదివారం అచ్చు కాదు. రెండు రోజుల ముందే, శుక్రవారం మధ్యాహ్నం, మాకు వేరే కట్టలుగా వచ్చేస్తుంది. ఆదివారం మేమే పేపర్లో పెట్టి పంపిస్తాం. ఎన్నికల ముందు ఒక శుక్రవారం ప్రతిపక్షం పేపర్ కట్ట విప్పి, అలవాటుగా పుస్తకాల పేజీ తిప్పాను. అర పేజీ నిండా ప్రమీల. యూనిఫాం ఫొటో. దాని మీద లావు అక్షరాలు: "ఉచిత బస్సులో నరకం: మహిళా కండక్టర్ తిరుగుబాటు".

నిలబడే చదివాను. అడవి అంచున పుట్టిన ధిక్కార స్వరమట. సర్కారు పథకాన్ని నడిబజారులో నిలదీసిన ధీరవనితట. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చున్నవాడికి అవి అలంకారాలు. మా దగ్గర అడవి, ధిక్కారం అనే రెండు మాటలు ఒక మనిషి పేరు పక్కన పడితే అన్నల సంగతి అడగడానికి వచ్చేవాళ్లు వేరే ఉంటారు. ఆ భయం ఇక్కడ పుట్టినవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంతకీ ఆ పుస్తకంలో ఉన్నదేమిటి? ఇరవై ముచ్చట్లలో ఒక ముచ్చట. టికెట్ కొన్న ముసలాయన ఒకడు ఖమ్మం బస్సులో మోకాళ్ల నొప్పులతో నిలబడి ఉంటాడు, సీట్లన్నీ ఆడవాళ్లతో నిండిపోయి ఉంటాయి. ప్రమీల తన తల్లి గోరినే లేపి ఆయన్ను కూర్చోబెడుతుంది. గోరి నిలబడి కూతురి చెవిలో తన సంగతి చెబుతుంది. దస్రు బతికినన్నాళ్లు చేతికి బస్సు ఛార్జీ ఇచ్చేవాడు కాదు. బోనకల్‌లో ఉన్న చెల్లెలికి ఒక్కగానొక్క కొడుకు పోయాడని కబురొస్తే, గోరి పొద్దున్నే రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. అడిగి ఎక్కడానికి మొహం చెల్లక సాయంత్రం ఇంటికి తిరిగిపోయి, జ్వరమొచ్చిందని అందరికీ అబద్ధం చెప్పింది. ఉచిత బస్సు వచ్చాక ఎప్పుడు మనసైతే అప్పుడు చెల్లెలి దగ్గరికి పోతోంది. మొగుడు పోయాక ఒక్క కూతురికే చెప్పుకున్న మాట అది. ఆ ముచ్చట చదివితే ఎవరి మీదా కోపం రాదు, ఇద్దరి మీదా జాలి వస్తుంది. సమీక్ష రాసినవాడు ముసలాయన మోకాళ్లు తీసుకున్నాడు, గోరిని వదిలేశాడు.

సాయంత్రం ప్రమీల భద్రాచలం డ్యూటీ దిగి వచ్చింది. పేజీ చేతిలో పెట్టాను. చదువుతుంటే ఆమె పెదాలు తెల్లబడ్డాయి.

"ఇది నేను రాయలే అక్కా. యాడి మాట ఏది? యాడి మాట ఎక్కడ పోయింది?" అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

ఆ మధ్య ఆమె డిపోలో ఒక డ్రైవరు టీవీ మైకు ముందు నాలుగు మాటలు మాట్లాడాడని అతనికి డ్యూటీ ఇవ్వడం ఆపేశారు. అతను రోజూ ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చి రేకుల షెడ్డు కింద కూర్చుని పోయేవాడు. అటు పోతూ ఎవరూ అతని వైపు చూసేవాళ్లు కాదు, ప్రమీల కూడా చూసేది కాదు. ఇప్పుడు ఆ షెడ్డే గుర్తొచ్చిందో ఏమో, బల్ల మీద అట్లాగే ఒరిగిపోయింది.

ఆ పేపరాఫీసుకు నేనే ఫోన్ చేశాను. డెస్కులో ఎవరో కుర్రగొంతు. "మంచి రివ్యూ కదండీ, పొగిడాం కదా, భయమెందుకు? మేడమ్‌ని ఒక ఇంటర్వ్యూ ఇవ్వమనండి" అన్నాడు.

"పుస్తకం సాంతం చదివిన్రా?" అని అడిగాను.

"మాక్కావలసింది చదివాం" అన్నాడు.

మనిషి ఎదురుగా లేడుగానీ, ఉంటే ఆ కట్ట ఎత్తి నెత్తిన వేసేదాన్ని. తరువాత సర్కారు వైపు పేపర్ విలేకరికి చేశాను. నాకు రోజూ కనబడే మనిషే.

"గట్ల రాసిన్రా? మంచిగ దొరికిన్రు. ప్రమీలమ్మతోని ఒక ఖండన ఇప్పియ్యి అక్కా, జిల్లా పేజీల పైననే ఏస్త" అన్నాడు ఉషారుగా.

"పుస్తకం మీకు గూడ పంపింది. అప్పుడు ఏడ వోయినవ్?"

"చూసిన. ముందుమాట ఎవలదో తెల్వలే, పక్కకు పెట్టిన. గిప్పుడు పుస్తకంతోని పనేంది? ఖండన ఇయ్యమను."

ఫోన్ స్పీకర్లో ఉంది, ప్రమీల అంతా వింది. తల అడ్డంగా ఊపింది. "ఖండించనీకె అండ్ల అబద్ధం లేదు గదక్కా. ముసలాయన నిలబడ్డది నిజమే. మా యాడి నిలబడ్డది గూడ నిజమే" అంది. ఆ మాట మాత్రం తడబడకుండా అంది.

శనివారం ఆమె డ్యూటీలో ఉండగా తండాకు మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చారు. మామూలు బట్టల్లో ఉన్నారు, పేరు చెప్పలేదు. వీరన్నను చేలోనుంచి పిలిపించి, మీ ఇంటికి ఎవరెవరు వస్తుంటారు, మీ ఆవిడ రాసినవి ఎవరు దిద్దుతారు, అడవి వైపు చుట్టాలెవరైనా ఉన్నారా అని నెమ్మదిగా అడిగారు. టీ ఇస్తే తాగారు కూడా. సమీక్ష ఇంకా జనం చేతికి రానేలేదు. వాళ్లకు ఎట్లా తెలిసిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

వీరన్న హడలిపోయి నా కొట్టుకు పరిగెత్తుకొచ్చాడు. "ఆమెకు జెప్పక్కా. ఏదడిగితే అది రాసియ్యమను. నేను పత్తి ఏరుకొని పిల్లల్ని చదివియ్యలేను" అన్నాడు. మొగాడు ఏడుస్తుంటే చూడలేక లోపలికి పోయి టీ పెట్టాను. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అదే భయం నాకూ ఉంది మరి.

ఆదివారం ఆ రంగుల పుస్తకాల కట్టలు బల్ల కిందకు తోసేసి, "రాలే" అని చెప్పి ఉత్త పేపర్లే పంపించాను. ఎనిమిది కాకముందే రిటైరైన కార్మికులు గళ్ల నుడికట్టు ఏదని కొట్టు మీదికి వచ్చారు. వాళ్లతో గొడవపడుతుండగానే లచ్చయ్య వచ్చి ఫోన్ చూపించాడు. డిపో వాట్సాప్ గ్రూపులో ఆ పేజీ తెల్లవారకముందే తిరుగుతోంది. కింద ఎవరూ ఒక్క మాట రాయలేదు. మామూలుగా పుట్టినరోజుకు కూడా వంద పూలబొమ్మలు పెట్టే గ్రూపు అది.

"మేనేజర్ పిలిచిండు. రేపు పొద్దుగాల రమ్మన్నడు. నన్ను గూడ" అన్నాడు లచ్చయ్య.

సోమవారం నేను డిపో గేటు బయట నిలబడ్డాను. ప్రమీల యూనిఫాం వేసుకునే వచ్చింది. గేటు దాటుతూ నా వైపు తిరిగి, "నేను అబద్ధం రాయలేదని జెప్త అక్కా. గంతే జెప్త" అంది. నాకేమో ఆమె కాళ్లు కనబడుతున్నాయి, ఒక్కో అడుగూ చూసి చూసి వేస్తోంది. ఏం చెప్పమంటారు, నేను మొక్కని దేవుడు లేడు.

లోపల జరిగింది తరువాత లచ్చయ్య చెప్పాడు. మేనేజరు అరవలేదు, తిట్టలేదు. అరిస్తే కొంచెం నయంగా ఉండేదట. ఆదివారం పొద్దటినుంచీ పైనుంచి ఫోన్లే ఫోన్లు, ఆయనే నిద్ర లేని మొహంతో ఉన్నాడు. "నాకు గూడ పిల్లలున్నరమ్మా" అన్నాడట. టైపు చేసిన కాగితం బల్ల మీద ముందుకు జరిపాడు. ఆ పుస్తకం నేను రాయలేదు, నా పేరూ ఫొటో ఎవరో వాడుకున్నారు, దానితో నాకు సంబంధం లేదు. అంతే ఉంది అందులో.

"సార్, రాసింది నేనే" అంది ప్రమీల.

"తెలుసమ్మా" అన్నాడు మేనేజరు. "రాసింది నువ్వే అంటే, పర్మిషన్ లేకుంట పుస్తకం ఎట్ల ఏసినవని డ్యూటీ ఆపుతరు. కాదంటే సాయంత్రం డ్యూటీ నీదే. నేను గింతవరకే జెయ్యగల్గుత."

కిటికీలోంచి ఆ రేకుల షెడ్డూ, ఇస్త్రీ బట్టల డ్రైవరూ కనబడుతూనే ఉన్నారు. ప్రమీల సంతకం పెట్టింది. కింద సాక్షి సంతకం ఒకటి కావాలన్నారు. మేనేజరు పెన్ను లచ్చయ్యకు ఇచ్చాడు. ముందుమాట రాసిన చేత్తోనే ఆయన, ఆ పుస్తకం ప్రమీల రాయలేదని సాక్షి సంతకం పెట్టి వచ్చాడు. ఈ సంగతి నాకు చెబుతూ తలెత్తలేదు.

మంగళవారం సర్కారు వైపు పేపర్ జిల్లా పేజీలో పైననే వచ్చింది. "అది నా పుస్తకం కాదు: కండక్టర్ ప్రమీల". అదే యూనిఫాం ఫొటో. ప్రతిపక్షం కుట్ర బట్టబయలైందట. ఒక్క వారంలో రెండు పేపర్లూ ఆమెను వాడేసుకున్నాయి. లోపలి ఇరవై ముచ్చట్లు రెండిటిలో ఎవడూ చదవలేదు. మోటారు సైకిలు వాళ్లు మళ్లీ రాలేదు. పేపర్లూ ఆ ఊసు మర్చిపోయాయి. ఖమ్మం టీచర్లు మిగిలిన కాపీలు ఏం చెయ్యాలని అడిగితే ప్రమీల ఫోన్ పెట్టేసింది.

ఉద్యోగం మిగిలింది. అందరం అదే అనుకుని ఊపిరి తీసుకున్నాం. నా దగ్గరికి రావడం మాత్రం తగ్గించింది. వచ్చినా పేపర్ వైపు చూసేది కాదు. పక్కన ఎవరైనా కూర్చుంటే మాట ఆపేసేది.

కొన్నాళ్లకు ఏజెంట్ల మీటింగుకని ఖమ్మం బస్సెక్కాను. డ్యూటీలో ప్రమీల. ముందు సీట్లో గోరి కూర్చుని ఉంది, బోనకల్ చెల్లెలి దగ్గరికి పోతోంది. పేపర్ల రభస, సంతకాల గొడవ ముసలిదానికి ఎవరూ చెప్పలేదు. సెలవులకు వచ్చిన మనవరాలు చదివి వినిపించిన పుస్తకం ఒక్కటే ఆమెకు తెలుసు. పక్క సీట్లోని ఎర్రుపాలెం ఆమెతో గొప్పగా చెబుతోంది: "గీ కండక్టర్ నా బిడ్డనే. నా మీద పుస్తకం రాసింది. నేను రోడ్డు మీద నిలబడ్డది, జరం అని అబద్ధం జెప్పింది, అంత రాసింది."

వెనక సీట్లో ఎవరో పేపర్ మడిచి ఇటు చూశారు. ఇద్దరు ముగ్గురు తలలు తిరిగాయి. ప్రమీల టికెట్ల మిషను పట్టుకుని నడవలో ఆగిపోయింది. ఆమె మొహంలోకి ఆ శుక్రవారం నాటి తెలుపు మళ్లీ రావడం నేను చూశాను.

"నేనేం రాయలేదు. ఊకె ఏం మాట్లాడుతున్నవ్ యాడీ" అంది, బస్సంతా వినబడేటట్టు. "గా పుస్తకం నాది కాదు."

గోరి నోరు తెరిచి కూతురి వైపు చూసింది. కోప్పడలేదు. అర్థం కానిది ఏదో అడగాల్సి వచ్చినట్టు చాలా మెల్లగా అడిగింది.

"మరి గా ముచ్చట పుస్తకం రాసినోళ్లకు ఎవలు జెప్పిన్రు బిడ్డా? నేను నీకు తప్ప ఎవలకీ జెప్పలే."

ప్రమీల తల్లికి ఉచిత టికెట్ కొట్టి చేతిలో పెట్టి, వెనక్కి పోయింది.